కుడి మడ్‌గార్డు మీద బొబ్బలు

పోయినవారం సబ్‌జైలు ముందు ఆగాం. మా తమ్ముడు వీరేష్ జాలీ వెనక నిలబడి "అక్కా, నేను కాదు" అన్నాడు. నేను నమ్మాను అని గట్టిగా చెప్పలేక తల వంచుకుని వచ్చేశాను. కొత్తగా చదివేవాళ్ల కోసం రెండు ముక్కలు చెబుతాను, పాతవాళ్లు ఓపిక పట్టండి.

రాప్తాడు దాటాక హైవే పక్కన కార్లకు రంగులేసే రేకుల షెడ్డు మాది. నా పేరు హేమలత. నాకు పని నేర్పింది మా నాయన తిప్పేస్వామి. ఇప్పుడు ఆయనకు ఆయాసం. షెడ్డులో ఒక మూల మంచం వేసుకుని నా పనికి వంకలు పెడుతుంటాడు. వీరేష్ పుల్లన్న ఇంట్లో డ్రైవరు. పుల్లన్నంటే ఆస్తీ, మాటా, నల్ల అంబాసిడరూ ఉన్న పెద్దమనిషి. ఒక మునిమాపు వేళ కదిరి రోడ్డులో గొర్రెలు తోలుకొస్తున్న తిమ్మన్ననూ, ఆయన గొర్రెల్నీ ఒక కారు గుద్ది ఆగకుండా పోయింది. ఆయన ఇంకా ఆసుపత్రిలోనే ఉన్నాడు. పాత నల్లకారని తప్ప చూసినవాళ్లు ఇంకేమీ చెప్పలేకపోయారు. "ఆ పొద్దు కారు మా డ్రైవరు దగ్గరుండె" అని పుల్లన్న స్టేషన్లో చెప్పాడు. ఎడమవైపు వెనక తలుపు మీద పొడుగ్గా ఒక గీరుడు ఉంది. పోలీసులకు అది చాలింది. అది పెట్రోలు బంకులో స్తంభానికి రాసుకున్న గీరుడని మావాడు ఎంత మొత్తుకున్నా వినే నాథుడు లేడు.

ఫోటోలు తీసుకుని, బాండు రాయించుకుని కారును ఇంటికి పంపించారు. మావాణ్ని పంపలేదు.

ఆ కారే ఇప్పుడు మా షెడ్డులో ఉంది. "ఇంట్లో పద్మప్రియ నిశ్చితార్థం ఉండాది. మనవరాలు ఆ కార్లోనే దిగల్ల. తలుపు మీద గీత కనపడకుండా చెయ్ మ్మే. సోమవారం వాయిదాకు వీరేష్‌కు జామీను సంతకం నేనే పెడతా" అని పుల్లన్న కబురు చేశాడు. తమ్ముణ్ని లోపలేయించినవాడే బయటికి తెస్తానంటే ఏం చేస్తాం? చేయి తిట్టుకుంటూనే రంగు కొట్టే గన్ పట్టుకుంది.

శనివారం పొద్దున తలుపు పని అయిపోవచ్చింది. అయిపోయిందని నా మనసు ఒప్పుకోవడం లేదు. కూర్చుంటే లేవాలనిపిస్తుంది, లేస్తే రోడ్డు మీదికి పోయి చూడాలనిపిస్తుంది. లాయరుకు ఫోను చేస్తే ఎత్తడు. గాలి ఒకటి, ఎక్కడి దుమ్మంతా మా షెడ్డుకే బాకీ ఉన్నట్టు తెచ్చి పోస్తోంది. నేల తడిపి, రేకు తలుపు సగం మూసి, మళ్లీ తెరిచి, మళ్లీ మూశాను.

"తలుపును కాపలా కాస్తాండావా, కారును కాస్తాండావా?" అన్నాడు నాయన మంచం మీద నుంచి.

"నీ ఆయాసాన్ని కాస్తాండా. గమ్మునుండు."

నలుపు చేతనైతే ఏ రంగైనా చేతనైనట్టే అని నాయన అంటాడు. నలుపులో తప్పులు దాగుతాయని జనం అనుకుంటారు గానీ, అదంతా ఉత్తమాట. తెల్లకారు మీద చిన్న అతుకు ఎవరికీ కనపడదు. నల్లకారు మీద ఏటవాలు ఎండ పడిందంటే వెంట్రుక మందం తేడా కూడా బయటపడుతుంది. అందుకే గీత ఉన్నంత మేరకే రంగు కొట్టి ఊరుకుంటే కుదరదు. గీతను రుద్ది నున్నగా దిగ్గొట్టాలి, ప్రైమరు పట్టించాలి, నలుపు కొట్టాలి. కొట్టిన నలుపు అంచును థిన్నరు ఎక్కువ కలిపిన పలచని రంగుతో పాత నలుపులోకి కరిగించాలి. కొత్తది ఎక్కడ ఆగిందో, పాతది ఎక్కడ మొదలైందో వేసినవాడికి కూడా తెలియకూడదు.

ఇంకో సంగతి, మా నాయన చాదస్తం. నీళ్ల పేపరుతో, అంటే తడి గరుకు కాగితంతో, రుద్దేటప్పుడు బోరు నీళ్లు కారును తాకకూడదు. మా బోరు నీళ్లలో ఉప్పు సంగతి మీకు చెప్పక్కర్లేదు, మా పళ్లు చూస్తే తెలుస్తుంది. ఆ ఉప్పు రంగు కింద చిక్కుకుందంటే కొన్నాళ్లకు, గాలిలో కాస్త తేమ తగలగానే, పైకి బొబ్బలు లేస్తాయి. అందుకే డబ్బు పెట్టి ఫిల్టర్ క్యాను తెచ్చి కారుకు పోస్తాం. "మనుషులకు బోరు నీళ్లు, కారుకు మినరల్ నీళ్లా తిప్పేసామీ!" అని ఊరంతా నవ్వుతుంది. నవ్వనీ.

తలుపు ఆరాక సైడు నుంచి చూద్దామని కారు చుట్టూ తిరిగాను. తలుపు బాగుంది. అతుకు నాకే దొరకలేదు. కాస్త గర్వంగా కూడా అనిపించింది, ఆ పరిస్థితిలో కూడా. ముందువైపు తిరిగేసరికి, రేకు సందులోంచి పడిన ఎండ కుడివైపు ముందు మడ్‌గార్డు మీద పాకుతోంది. అక్కడ, హెడ్‌లైటుకు జానెడు వెనక, ఆవగింజల్లాంటి బొబ్బలు.

మొన్న నాలుగు చినుకులు పడ్డాయి. ఏడాదికి పడే వానలో సగం అదే అన్నట్టు ఊరంతా సంబరపడింది. ఆ చినుకులకే లేచాయి ఇవి.

వేలితో నిమిరాను. ఆ మడ్‌గార్డు నాకు తెలుసు. ప్రతి ఆయుధపూజకూ నిమ్మకాయలు కట్టకముందు ఆ కారుకు రబ్బింగ్ కొట్టి మెరిపించేది నేనే. మొన్నటి ఆయుధపూజకు అక్కడ బొబ్బ లేదు, సొట్ట పూడ్చే లప్పం లేదు, ఏమీ లేదు. అంటే ఈమధ్యే ఎవరో దాన్ని ముట్టుకున్నారు. పోలీసులు ఫోటోలు తీసేనాటికి అది అద్దంలా ఉండి ఉంటుంది. వాళ్లు ఎడమ తలుపు గీరుడు చూసుకుని కుడివైపు వంగి కూడా చూడలేదు.

పేపరు తీసుకున్నాను. నాయన చూస్తున్నాడని తెలుసు, ఆగలేదు. రుద్దేకొద్దీ పొరలు ఒకదాని కింద ఒకటి చెట్టు మానులో వలయాల్లా బయటపడ్డాయి. పైన కొత్త నలుపు, దాని కింద ప్రైమరు, దాని కింద మందంగా లప్పం. పళ్లెమంత మేర నలుపు పోయి తెల్లటి బూడిదరంగు మచ్చ తేలింది. లప్పం అంచు గీకితే లోపల లోతైన సొట్ట. ఆ సొట్ట మడతలో, ఎండిపోయిన లప్పంలో చిక్కుకుని నల్లటి బొచ్చు నాలుగు పోగులు. గొర్రె బొచ్చు.

నవ్వాలో ఏడవాలో తెలియలేదు. "నేను కాదక్కా" అన్నాడు నా తమ్ముడు. వాడు చెప్పిన స్తంభం నిజం, వాడి గీరుడు నిజం. తిమ్మన్నను గుద్దింది ఇక్కడ, ఈ పక్క. అది తెలిసినవాడు దీన్ని పూడ్చి దాచాడు. తమ్ముణ్ని నమ్మలేకపోయిన నా నోట్లో మన్ను కొట్టాలి!

అప్పుడు చూశాను ఆ నలుపు అంచును. మచ్చ చుట్టూ మిగిలిన కొత్త నలుపు ఎక్కడ ఆగిందా అని వెతికితే, రేకు మధ్యలో ఎక్కడా ఆగలేదు. బానెట్టు కలిసే మడత దాకా తీసుకుపోయి, ఆ మడతలో కరిగించేశారు. ఈ జిల్లాలో అంత ఓపిక ఉన్న చేతులు రెండే జతలు. ఒక జత నాది.

మంచం దగ్గరికి పోయాను. పేపరు ఇంకా చేతిలోనే ఉంది.

"నాయనా, కుడి మడ్‌గార్డు ఎవురు వేసినారు?"

"ఏ మడ్‌గార్డు?"

"నాకాడ నాటకాలొద్దు. నీళ్లు బోరువి. చేయి నీది."

ఆయన దగ్గాడు. దగ్గు అయ్యాక కూడా దగ్గినట్టు నటించాడు. నాకు ఒళ్లు మండిపోయింది.

"ఫిల్టర్ నీళ్లు తప్ప ముట్టనోడివి, బోరు నీళ్లతో రుద్దినావంటే యాడనో దొంగచాటుగా చేసినావు. చెప్పు. యాడ?"

"పెద్దాయన పుల్లన్నింటికాడ" అన్నాడు నాయన నేల చూస్తూ. "పొద్దున్నే వాళ్ల మేస్త్రీ గురప్ప వచ్చి బండెక్కించుకుండె. నువ్వు క్యాన్లు తెచ్చేకి పొయింటివి. గేటు తగిలి సొట్ట పడిందనిరి. ఫిల్టర్ నీళ్లు అడిగినా మ్మా. అంత టైం లేదు, బోరు ఇప్పుకో అనిరి."

"గేటుకు బొచ్చుంటాదా నాయనా?"

అరచేయి చాపి బొచ్చు పోగులు చూపించాను. ఆయన ముట్టుకోలేదు.

"ఆ పొద్దు నాకు తెలీదు. దేవుని మీద ఒట్టు. ముందు దినం మునిమాపు గొర్రెల సంగతి ఆ మధ్యాన్నం తెలిసె. అడుగుదామని పోతే గురప్ప ఏమన్నాడో తెల్సునా? సాక్ష్యం చెరిపినోడివి నువ్వే, నోరు తెరిస్తే ఫస్టు లోపలికి పొయ్యేది నువ్వే అన్నాడు. ఆడికి రెండు దినాలకు మనోన్నే పట్టకపోయిరి."

"కన్నకొడుకును పట్టకపోతాంటే చూసుకుంటా కూచ్చుంటివా!"

"పెద్దాయన మాటిచ్చినాడు మ్మా. జామీను నేనే పెడతా, కేసు రాజీ చేయిస్తా, నువ్వు మాత్రం గమ్మునుండు అనె. నేను జెప్పింటే ఇద్దరమూ లోపలుంటాము, నువ్వు ఒక్కదానివే..." మాట పూర్తి కాలేదు, ఈసారి దగ్గు నిజంగానే వచ్చింది.

దొంగకు తేలు కుట్టినట్టు ఇన్నాళ్లూ నోరు కుట్టుకుని కూర్చున్నాడు మా నాయన. నేను జైలు దగ్గర నుంచి వచ్చిన ప్రతిసారీ "తిన్నాడా వాడు?" అని అడిగేవాడు, అంతకుమించి ఒక్క మాట కూడా అడిగేవాడు కాదు. ఎందుకో ఇప్పుడు తెలిసింది. ఆయన మీద అరవాలనుంది. ఆయన వీపు నిమరాలనుంది. రెండూ చేయలేక నీళ్ల చెంబు ఆయన పక్కన ఠపీమని పెట్టాను.

"నడిపింది ఎవురు?"

"తెలీదు మ్మా. నేను పొయ్యేటప్పటికి కారు నీడకు పెట్టుండిరి. పెద్దాయన పక్కనే కుర్చీలో ఉండె. ఒగ మాట మాట్లాడల్యా. చేతులు మాత్రం వణకతాండె."

బయట ఆటో ఆగిన చప్పుడు. సగం మూసిన రేకు తలుపు పక్కన చేతికర్ర ముందు కనపడింది, దాని వెనక తెల్ల పంచె. పుల్లన్న. ఒంటరిగా వచ్చాడు.

ఆ మచ్చ మీద గుడ్డ కప్పడానికి కూడా వ్యవధి లేదు. నల్లకారు మీద తెల్లటి మచ్చ, పళ్లెమంత మచ్చ, వాకిట్లో నుంచి చూసినా కొట్టొచ్చినట్టు కనపడుతోంది. ఈయన అది చూశాడంటే సోమవారం సంతకం ఉండదు. కారు ఇక్కడ ఉండదు. రేపటికల్లా ఆ సొట్ట ఏ బెంగుళూరు షెడ్డులోనో మాయమైపోతుంది, నా తమ్ముడు మాత్రం లోపలే ఉంటాడు.

"ఏమ్మే హేమా, అయిందా?"

పుల్లన్న ఎవరి మొహమూ నేరుగా చూడడు. నల్లద్దాలు పెట్టుకుని, మనిషి పక్కకు ఓరగా చూస్తూ మాట్లాడతాడు. అది పెద్దింటి పొగరని ఊళ్లో అందరం అనుకుంటాం. కర్ర పొడుచుకుంటూ ఎడమ తలుపు దగ్గరికి పోయి అరచేయి ఆనించాడు. ఆయన ఎప్పుడూ అంతే, రంగును చేత్తో చూస్తాడు. పైనుంచి కిందికి, కిందినుంచి పైకి తడిమాడు.

"బాగుండాది. పాలమీగడ మాదిరుండాది" అని, చేయి కారు మీద నుంచి తీయకుండానే ముందుకు నడిచాడు. డోరు, బానెట్టు, దాని మీద నుంచి ఇటు పక్కకు. ఇంకో అడుగు వేస్తే ఆ చేయి లప్పం మీద పడుతుంది.

"దాన్ని ముట్టొద్దు అయ్యా! తడుండాది" అన్నాను. నోరు దానంతటదే అబద్ధమాడింది.

చేయి గాల్లో ఆగిపోయింది.

"మడ్‌గార్డు ఏంటికి ముట్టినావు? నేను చెప్పింది తలుపు కదా?"

"బొబ్బలు లేచినాయి అయ్యా. సరి చేసినా." మంచం మీద నాయన ఊపిరి బిగబట్టాడు. వాకిట్లో నుంచే కనపడే మచ్చ ఈయనకు ఇంకా కనపడలేదేమని నా నోరు ఆగలేదు. "చూడు, ఎట్లుండాదో."

పుల్లన్న వంగాడు. అద్దాలు తీశాడు. ఆ తెల్లటి మచ్చకు మూరెడు దూరంలో మొహం పెట్టి, మొదటిసారి, నేరుగా చూశాడు. లప్పం, సొట్ట, గీకిన గీతలు, అన్నీ ఆయన కళ్లెదురుగా ఉన్నాయి.

"బాగా కలిపినావు మ్మే" అన్నాడు. "నలుపంటే ఇది. అద్దం మాదిరి, నా మొగమే కనపడతాంది."

నాయన వైపు చూశాను. ఆయన అప్పటికే నా వైపు చూస్తున్నాడు.

పొగరు కాదది. నేరుగా చూస్తే ఈయనకు ఏమీ కనపడదు. చూపు నడిమధ్య ఖాళీ. పక్కకు తిరిగి, ఓరగా చూసి, ఆ మిగిలిన అంచు చూపుతో ఇన్నాళ్లూ నెట్టుకొస్తున్నాడు. మనుషుల్ని గొంతును బట్టి, రంగును చేతిని బట్టి పోల్చుకుంటున్నాడు. ఇంట్లోవాళ్లకు కూడా చెప్పి ఉండడు. మరి ఆ మునిమాపు వేళ కదిరి రోడ్డులో స్టీరింగు వెనక కూర్చున్నది ఎవరో ఇంకా అడగాలా?

"తాళం దాంట్లోనే ఉండాదా?" పుల్లన్న అద్దాలు పెట్టుకున్నాడు. "తీస్కపోతా."

"ఇప్పుడా? ఆరల్ల సామీ" అన్నాడు నాయన లేచి నిలబడి. "గురప్పను పిలిపిస్తే..."

"గురప్ప ఏంటికి? నా కారు నేను నడుపుకోలేనా తిప్పేసామీ? ఇంటినిండా జనం. ఈ పొద్దు నేను కారు నడుపుకుంటా గేట్లోకి పోవల్ల. అందురూ చూడల్ల." ఆ చివరి మాటకు ఒక్క క్షణం జాలేసింది. నా తమ్ముడు గుర్తొచ్చాడు, ఆ జాలి అక్కడికక్కడే చచ్చిపోయింది.

కర్ర పక్క సీట్లో పడేసి ఆయన స్టీరింగు వెనక కూర్చున్నాడు. తడుముకోలేదు. ఆ కారులో ప్రతి బొత్తామూ ఆయన వేళ్లకు తెలుసు. ఇంజను ఒక్క తిప్పుకే అందుకుంది.

అప్పుడు గంటలు వినపడ్డాయి. తిమ్మన్న పెళ్లాం ఆంజినమ్మ. మొగుడు ఆసుపత్రిలో పడిన దగ్గర నుంచి మిగిలిన గొర్రెల్ని ఆమే మేపుతోంది. రోజూ ఈ వేళకు మా షెడ్డు ముందు నుంచే తోలుకుపోతుంది, మా వైపు మొహం కూడా తిప్పదు. మంద అంతా రోడ్డు అంచున, సరిగ్గా మా వాకిట్లో పరుచుకుంది. ఆమె మధ్యలో కొంగు నడుముకు చుట్టుకుని, అదిలిస్తూ వస్తోంది.

పరిగెత్తి కారు ముందు నిలబడ్డాను. బంపరు మోకాళ్లకు తగులుతోంది. వెనక గొర్రెలు, ముందు కారు.

నోరు తెరవలేదు. తెరిచానంటే నా గొంతును బట్టి నేనెక్కడున్నానో ఆయనకు తెలిసిపోతుంది, ఆపేస్తాడు, "చూసినా కదా" అంటాడు, రేపు కోర్టులోనూ అదే అంటాడు. సోమవారం సంతకం ఈయనది. నా తమ్ముడి తలుపు తాళం ఈయన జేబులో ఉంది. అది పోతే పోనీ. నన్ను చూసి ఆపాలి. చూడలేక ఆపకపోతే, అది మా నాయన చూడాలి, ఆంజినమ్మ చూడాలి.

"పాపా, తప్పుకో!" నాయన అరవబోయాడు, దగ్గు గొంతుకు అడ్డం పడింది. ఆంజినమ్మ ఆగి, మొదటిసారి మా వైపు తిరిగింది.

అద్దం వెనక పుల్లన్న తల ఎత్తాడు. నేరుగా, తిన్నగా, నా మొహం మీదికి చూశాడు.

"హేమా, యాడుండావు మ్మే?" అన్నాడు. "ఆ రేకు తలుపు ఇంగొంచెం తియ్."

కారు గేరులో పడింది.